ట్రెనీ అవ్వ గొయ్యి

షెస్‌బుర్గ్ (రొమేనియా), 14 అక్టోబరు 1990

హెర్మీనె వదినకు,

నీ ఉత్తరం అందింది. నా మేనకోడలు ఎడిత్ ఉద్యోగంలో కుదురుకుందనీ, దాని చంటిది బ్రిటా గోడ పట్టుకుని నడుస్తోందనీ చదివి సంతోషించాను. మిగతా రెండు పేజీలు చదివితే ఒళ్ళు మండింది. మీ ఆయన్ని నేను కొంగున ముడేసుకుని కూర్చున్నానని రాశావు. ముడేసుకోవడానికి మా అన్నయ్యేమన్నా చిల్లర డబ్బులా? నాలుగిళ్ళకు వినబడేలా గురకపెట్టే మనిషి. తీసుకుపో తల్లీ, ఇవాళే తీసుకుపో.

జర్మనీ వెళ్ళడానికి అనుమతి కాగితాలు సిమోన్ అన్నయ్యకూ నాకూ ఒకే రోజు వచ్చాయి. రెండూ మార్చి నెలాఖరుతో చెల్లిపోతాయి. ఆ లోపల జర్మనీలో దిగకపోతే కథ మళ్ళీ మొదటికొస్తుంది. నేను అప్పుడే పెట్టె సర్దుకుని మంచం కింద పెట్టుకున్నాను. నాకు యాభై దగ్గరపడుతున్నాయి వదినా. ఈ కోటలో పుట్టి, ఈ కోటలో అమ్మకు మంచం మీద సేవ చేసి, ఈ కోటలోనే మ్యూజియం గాజుపెట్టెల దుమ్ము తుడుస్తూ పోతానేమోనని భయంగా ఉంది. నేను రావాలనుకుంటున్నాను. ఈ ఒక్క మాట నమ్ము.

అడ్డం పడింది ట్రెనీ అవ్వ. తొంభై దాటినా పంది కొవ్వు ముక్కను పచ్చి ఉల్లిపాయతో నమిలి పారేస్తోంది. మొన్న నిచ్చెనెక్కి ఆపిల్ పళ్ళు కోసింది. మన పొరుగుసంఘం పద్ధతి నీకు తెలియనిది కాదు, జర్మనీ నీళ్ళు పడి మరిచిపోయావేమోనని రాస్తున్నాను. సంఘంలో మనిషి పోతే సంఘం మనిషే గొయ్యి తవ్వాలి. కూలికి తవ్వించిన గోతిలో పడుకోవడం మనవాళ్ళకు తలవంపులు. ఒకప్పుడు వీధి వీధంతా మన జర్మనులే, వీధంతా సంఘమే. అందరూ జర్మనీ వెళ్ళిపోయి ఇప్పుడు అన్నయ్య ఇల్లు, నా ఇల్లు, అవ్వ ఇల్లు మిగిలాయి. అన్నయ్య పొరుగుపెద్ద, కట్టుబాట్లూ లెక్కలూ రాసి దాచిన సంఘం పెట్టె ఆయన దగ్గరుంది. "పెట్టె అప్పజెప్పకుండా ఎలా పోతానే? నీకిస్తే నువ్వూ పోతావు. అవ్వకిస్తే ఆవిడ గొయ్యి ఆవిడే తవ్వుకోవాలి," అంటాడు.

ఇవాళ మ్యూజియానికి బుకారెస్టు నుంచి కొత్త దంపతులు వచ్చారు. గాజుపెట్టెలోని పాత చెంచా దగ్గర ఆగారు. విడిపోతామని వచ్చిన మొగుడూ పెళ్ళాలను పూర్వం పాదిరిగారు ఒక గదిలో పెట్టి తాళం వేసేవారనీ, లోపల ఇద్దరికీ ఒకే మంచం, ఒకే పళ్ళెం, ఒకే చెంచా అనీ చెప్పాను. "ఎంత బాగుందో," అంది ఆ పిల్ల. ఆ చెంచా అంచు ఒకవైపే అరిగింది. అవ్వకు చెబితే, "అంటే ఒకళ్ళే తిన్నారు, రెండోవాళ్ళు అలిగి కూర్చున్నారు," అంది. మిమ్మల్నిద్దర్నీ ఆ గదిలో పెట్టాలి. గురక భరించలేక నువ్వే తలుపు విరగ్గొడతావు.

నీ మీద కోపంతో, నీ కోసం ఎండు పుట్టగొడుగులు పంపుతున్న
రెగీనె


హైల్‌బ్రొన్, 29 అక్టోబరు 1990

రెగీనా,

పుట్టగొడుగులు వచ్చాయి. నీ వేళాకోళానికి మాత్రం నవ్వు రాలేదు.

ఇక్కడ నా వంటింటి కిటికీలోంచి చూస్తే ఎదురుగా ఇంకో వంటింటి కిటికీ. అందులో ఒకావిడ రోజూ బంగాళాదుంపలు చెక్కు తీస్తుంది. ఏడాదిగా చూస్తున్నాను, పేరు తెలియదు. పొద్దున్నే బేకరీలో పని, మధ్యాహ్నం బ్రిటా. సాయంత్రం పక్కన మనిషి ఉంటే అన్నీ భరించవచ్చు. ఆ మనిషి అక్కడ ఒక ముసలమ్మ పోయేదాకా ఆగుతానంటున్నాడు. చావుకు ముహూర్తం పెట్టించుకున్నవాళ్ళెవరైనా ఉన్నారా?

పక్కింట్లో వసీలె ఉన్నాడు, దున్నపోతుల్లాంటి ఇద్దరు కొడుకులున్నారు. వాళ్ళకు పార పట్టుకోవడం రాదా? లేదా అవ్వనే వెంటబెట్టుకుని రండి, ఇక్కడ ముసలివాళ్ళకు మంచి ఆశ్రమాలున్నాయి. ఇవేవీ కాదంటే అవ్వ ఒట్టి సాకు. అయితే ఆయనకు రావాలని లేదు, కాకపోతే ఆయన వస్తే నువ్వు ఒంటరిదానివైపోతావని నీ భయం. నీకూ కాగితం ఉందంటున్నావు. కాగితం అందరికీ ఉంటుంది.

ఆయన నాకు రాసేది నెలకు నాలుగు ముక్కలు. అందులో మూడు వాతావరణం గురించే. నిజం నువ్వైనా రాయి.

హెర్మీనె


షెస్‌బుర్గ్, 12 నవంబరు 1990

వదినా,

నిజమే రాస్తున్నాను, చదివి అర్థం చేసుకో.

నీ మాట అవ్వకు చెప్పాను. "మా ఆయన పక్కన చోటు ఉంచుకుని నలభై ఏళ్ళ నుంచి పడుకున్నాడు. జర్మనీలో నేనెవడి పక్కన పడుకోనే?" అంది. వసీలె సంగతి కూడా అన్నయ్య దగ్గర ఎత్తాను. వసీలె మన సంఘం మనిషి కాకపోయినా మంచివాడే, అడిగితే కాదనడు. కానీ నలభై ఏళ్ళ కిందట మా నాన్న చనిపోయినప్పుడు, జనవరి చలికి నేల ఇనుములా ఉంటే, జ్వరంతో లేచొచ్చి గొడ్డలితో కొట్టి గొయ్యి తవ్వింది అవ్వ మొగుడు. అన్నయ్యప్పుడు పక్కన నిలబడి చూశాడు. ఆ జ్వరం ఆయన్ని వారం తిరక్కుండా తీసుకుపోయింది. "ఆవిడకు నేను కాక ఇంకెవడు తవ్వుతాడే?" అన్నప్పుడు అన్నయ్య గొంతు నువ్వు వినలేదు. సాకులు చెప్పేవాడి గొంతు అలా ఉండదు.

మా డైరెక్టరు కూడా కాచుక్కూర్చున్నాడు. సంఘం పెట్టె, ఇంటింటికీ సంఘం కబురు మోసే కబురుపలక, శవపేటిక మీద కప్పే నల్ల ముఖమలు గుడ్డ, మూడూ మ్యూజియానికే రావాలంటాడు. "సంఘం బతికుండగా ఇవ్వరని తెలుసు, నేను తొందరపెట్టడం లేదు," అంటూ వారానికోసారి తొందరపెడతాడు. పలక అంచున కాలిన మచ్చ గుర్తుందా? వచ్చిన పలకను పొద్దుగూకే లోపల పక్కింటికి అందించాలి, ఏ ఇంట్లోనూ రాత్రి నిలవకూడదు అన్నది ఆ మచ్చ పడ్డప్పటి నుంచే అంటారు. మహమ్మారి ఏడు ఒక ఇంట్లోకి వెళ్ళిన పలక బయటకు రాలేదట. తలుపు పగలగొట్టి చూస్తే లోపల అందరూ పోయి ఉన్నారు, పలక పొయ్యి ముందు పడి ఉంది. ఇప్పుడది మా మూడిళ్ళ మధ్య తిరుగుతోంది. అన్నయ్య నాకిస్తాడు, నేను అవ్వకిస్తాను, అవ్వ మళ్ళీ అన్నయ్యకిస్తుంది. కబురేమీ ఉండదు. అలవాటు పోకూడదని తిప్పుతాడు.

ఇక అసలు సంగతి. నిన్న అన్నయ్య భోజనం మధ్యలో చెంచా కింద పెట్టి, "ముందే తవ్వేస్తే?" అన్నాడు. నేల గడ్డకట్టకముందే అవ్వ గొయ్యి తవ్వి, పైన చెక్కలు పరిచి ఉంచుతాడట. మోయడానికి వసీలె వాళ్ళున్నారు. తవ్వింది మాత్రం సంఘం మనిషే అవుతాడు. అవ్వకు చెప్పకుండా పాదిరిగారిని ఒప్పించాడు. "ఇక నా రుణం తీరినట్టే. క్రిస్మసయ్యాక బయల్దేరదాం," అన్నాడు. బతికున్న మనిషికి గొయ్యి తవ్వడమేమిటని నాకు పాపభీతి. లోపల మాత్రం ఎగిరి గంతేయాలనిపించింది.

మార్చిలోగా నీ ఇంటి గంట కొట్టబోయే
రెగీనె


షెస్‌బుర్గ్, 16 నవంబరు 1990
(కార్డు)

వదినా, పొద్దున్నుంచీ వాన. అన్నయ్య కొండ మీద ట్రెనీ అవ్వ గొయ్యి తవ్వుతున్నాడు, నడుం పట్టేసింది, వేడినీళ్ళ సీసా పట్టుకెళ్తున్నాను. మిగతాది ఉత్తరంలో రాశానుగా. రె.


హైల్‌బ్రొన్, 26 నవంబరు 1990

నా బంగారు మరదలా,

నీ కార్డు ఇవాళే అందింది. ఉత్తరం ఇంకా రాలేదు. ట్రెనీ అవ్వ పోయిందా? ఏ రోజు? బాధపడలేదు కదా? నా పెళ్ళికి ఆవిడ చేసిన ఆపిల్ రొట్టె గుర్తొచ్చింది. బేకరీలో అందరి ముందూ ఏడ్చాను.

అబద్ధమెందుకు, ఏడ్చాక గుండె తేలికైంది. సిమోన్ వస్తాడు. నువ్వూ వస్తావు. నిన్ను అన్నేసి మాటలన్నాను, మనసులో పెట్టుకోకు. మంచాలు ఎక్కడ వెయ్యాలో ఎడిత్, నేను కొలిచి చూసుకున్నాం.

మన పద్ధతి ప్రకారం గోతి దగ్గర చదవడానికి నా మాటలు నాలుగు రాసి చావింటి చిరునామాకే పంపాను. ఆలస్యమైనా సంఘం పెట్టె ముందు చదివించు.

మీ దారి చూస్తున్న
హెర్మీనె


షెస్‌బుర్గ్, 9 డిసెంబరు 1990

వదినా,

ఇది ఎలా మొదలుపెట్టాలో తెలియడం లేదు. ట్రెనీ అవ్వ బతికే ఉంది. చావింటికని నువ్వు పంపిన ఉత్తరం ఆవిడే తీసుకుంది, ఆవిడే చదివింది.

గురువారం నన్నూ అన్నయ్యనూ నూడుల్సు సూపుకు పిలిచింది. తిన్నాక భూతద్దం పెట్టుకుని, "హెర్మీనె దగ్గర్నుంచి ఉత్తరం వచ్చిందర్రా," అని మొదటి నుంచి చివరి దాకా మాకు చదివి వినిపించింది. ఆపిల్ రొట్టె దగ్గర ఆగి, "చూశారా, ఇన్నేళ్ళయినా మరిచిపోలేదు," అంది. ఆ తర్వాత నువ్వు రాసిన మాటలు వచ్చాయి. "దేవుడు ఇప్పటికైనా తలుపు తీశాడు, ఇక మావాళ్ళు బయటపడతారు." అవ్వ దాన్ని రెండుసార్లు చదివింది. భూతద్దం తుడిచి పెట్టెలో పెట్టుకుంది. "తలుపు నేనే అన్నమాట," అంది.

అన్నయ్య మొహం సున్నం కొట్టినట్టయింది. గొయ్యి సంగతి ఇక దాచలేక చెప్పేశాడు. మర్నాడు చూపించమంది. మంచులో చేతికర్రతో అన్ని మెట్లూ ఎక్కింది. పైన పరిచిన చెక్క జరిపి చూసి, "కురచగా ఉందిరా. నేనేమన్నా కోడిపిల్లనా?" అంది. "పొడుగు చేస్తానవ్వా," అన్నాడు అన్నయ్య. అవ్వ ఇంటికొచ్చి దుప్పటి కప్పుకుని పడుకుంది. అప్పటి నుంచి టీ తప్ప ఏమీ ముట్టడం లేదు.

తప్పు నాదే అంటావు. నా ఉత్తరం ముందు చేరుతుంది, కార్డు తర్వాత చేరుతుంది అనుకున్నాను. మనలో ప్రాణం పోకుండా గొయ్యి తవ్వడం ఎవరూ ఎరగరు కనుక నువ్వూ అలాగే అనుకున్నావు. అందాకా నాకు అర్థమైంది. కానీ ఆ తలుపు మాట ఎందుకు రాశావు వదినా?

రెగీనె


హైల్‌బ్రొన్, 21 డిసెంబరు 1990

రెగీనా,

ఎందుకు రాశానా? నువ్వు రాయించావు కనుక. గొయ్యి తవ్వుతున్నాడని కార్డు మీద రాసేదానివి, మనిషి బతికే ఉంది అని ఇంకో ముక్క రాస్తే సిరా అయిపోతుందా? కావాలనే చేశావని ఎడిత్‌తో అన్నాను. మీ అన్నాచెల్లెళ్ళు, ఆ ముసలమ్మ, ఆ పెట్టె, అందరూ కలిసి నన్ను రాక్షసిని చేశారు.

22వ తేదీ. నిన్న రాసి పోస్టు చేయలేదు. నవంబరు 12న నువ్వు రాసిన ఉత్తరం ఇవాళ వచ్చింది, కవరు తడిసి, ఎక్కడెక్కడో తిరిగి. అంతా రాశావు. మామగారి గొయ్యి సంగతి నాకు సిమోన్ ఇన్నేళ్ళలో ఎప్పుడూ చెప్పలేదు.

పై పేజీ చింపేద్దామనుకున్నాను. చింపలేదు. నేనలాంటిదాన్నే అని నీకు తెలియాలి. అవ్వ ఏమైనా తిందా?

హెర్మీనె


షెస్‌బుర్గ్, 8 జనవరి 1991

వదినా,

తినలేదు. క్రిస్మసుకు కాస్త రొట్టె పాలల్లో తడిపి పెడితే నా మొహం చూసి ఒక ముక్క మింగింది. అన్నయ్య రోజూ పక్కన కూర్చుని సూపు తాగమని బతిమాలుతున్నాడు. "అందరూ ఎదురుచూస్తుంటే ఆలస్యం చేయడం మర్యాద కాదురా," అంటుంది. కోపంతో అన్నా బాగుండును. పెళ్ళికి వెళ్ళేవాళ్ళు బండి దగ్గర అన్నట్టు అంటుంది.

మొన్న డైరెక్టరు టేపు పట్టుకొచ్చి సంఘం పెట్టె కొలిచాడు. గాజు అరకు పురమాయించాలట. అన్నయ్య ఆ టేపు లాక్కుని కిటికీలోంచి మంచులోకి విసిరేశాడు. నా ఉద్యోగం పోతుందేమో తెలియదు. పోనీ.

సిగ్గు విడిచి రాస్తున్నాను. నాకు అవ్వ తినాలి. నాకు వెళ్ళిపోవాలి. రెండూ ఒకేసారి కావాలి. ఆవిడ ఇలా ఎండిపోయి కన్నుమూస్తే నేను ఆవిడ మీదుగా దాటి రైలెక్కినట్టు అవుతుంది. ఎక్కను, ఎక్కలేను. ఎక్కకపోతే మార్చి అయిపోతుంది. ఒక్కోసారి అరచెయ్యంత ఆకాశం కూడా కనబడని చోట నన్నెవరో పెట్టి తాళం వేసినట్టుంటుంది.

ఫిబ్రవరిలో రాజీ దినం. ఏడాదిలో ఒకరినొకరు అన్న మాటలన్నీ తెరిచిన పెట్టె ముందు నిలబడి నోటితో వెనక్కి తీసుకోవాలి, ఉత్తరాలు చెల్లవు. నీకు తెలుసు. నేను రమ్మనడం లేదు.

రెగీనె


హైల్‌బ్రొన్, 17 జనవరి 1991

రెగీనా,

బేకరీలో రెండు వారాలు సెలవడిగాను. ఈ ఉత్తరం నీకు చేరేలా చూసుకుని, వచ్చే వారం శనివారం రైలుకు వస్తున్నాను. నువ్వు మంచం కింద పెట్టె బయటకు లాగి ఉంచు. నేనక్కడుండగానే నువ్వు బయల్దేరాలి, నా మాటకు ఎదురు చెప్పకు. అవ్వకు మాత్రం నేను వస్తున్నట్టు చెప్పకు, పారిపోయినా పారిపోతుంది.

హెర్మీనె


హైల్‌బ్రొన్, 24 ఫిబ్రవరి 1991

వదినా,

నీ మంచం మీద పడుకుంటున్నాను, నీ కప్పులో కాఫీ తాగుతున్నాను, నీ కిటికీలోంచి ఆ బంగాళాదుంపలావిడను చూస్తున్నాను. నిన్న చెయ్యి ఊపాను. ఆవిడ తెర వేసేసింది.

నన్ను రైలెక్కించేటప్పుడు నువ్వు తోసినంత పని చేశావు. కాగితం మీద ముద్ర వేశారు, నా పని అయిపోయింది. వీధిలో నడుస్తూ నేను బయటపడ్డాను, నేను బయటపడ్డాను అని మనసులో అనుకుంటూ ఉంటాను. సాయంత్రమైతే మాత్రం పలక తెచ్చేవాళ్ళెవరైనా తలుపు తడతారేమోనని చెవులు రిక్కిస్తున్నాను. నేను ఏడ్చి సాధించుకున్నది ఇదేనా అని నవ్వొస్తుంది.

నువ్వు రెండు వారాలన్నావు, నెల కావస్తోంది. బేకరీవాళ్ళు ఫోను చేసి అడిగారు. ఎడిత్ నన్నేమీ అనదు కానీ తలుపులు గట్టిగా వేస్తోంది. రాజీ దినాన ఏం జరిగింది? అవ్వ తింటోందా? అన్నయ్య బయల్దేరుతున్నాడా? మార్చి వచ్చేస్తోంది వదినా.

నీ స్థానంలో ఉన్న
రెగీనె


షెస్‌బుర్గ్, 1 ఏప్రిల్ 1991

రెగీనా,

ఇన్ని రోజులు రాయనందుకు తిట్టుకుని ఉంటావు. తిట్టుకో.

రాజీ దినాన అవ్వను సిమోన్ చేతుల మీద మోసుకొచ్చాడు. పిల్లి పిల్లంత బరువుంది. పెట్టె తెరిచి ఉన్నంతసేపూ ఎవరూ కూర్చోకూడదు, అబద్ధమాడకూడదు కదా. కూర్చోబెడతామన్నా అవ్వ ఒప్పుకోలేదు, నా భుజం పట్టుకుని నిలబడింది. వసీలె టోపీ తీసి గుమ్మం దగ్గరే ఉన్నాడు. నేను దారి పొడుగునా మంచి మాటలు కూర్చుకుని వచ్చాను. పెట్టె మూత లేచేసరికి ఒక్కటీ నోటికి రాలేదు. "నీ చావు కోరుకున్నాను అవ్వా. నేను పొరబడింది తేదీ దగ్గరే, మాట దగ్గర కాదు," అన్నాను. సిమోన్ కళ్ళు మూసుకున్నాడు.

అవ్వ నా భుజం వదల్లేదు. "తెలుసులేవే. నీ వయసులో నేనూ మా అత్త చావు కోరుకున్నాను, ఆవిడ ఇంకో పన్నెండేళ్ళు బతికింది," అంది. ఆపైన, "క్షమించాను. కానీ నేను మాత్రం తేదీ చెప్పలేనమ్మా," అంది. వసీలె గుమ్మంలో పెద్దగా నవ్వి, నోరు మూసుకున్నాడు. ఆ సాయంత్రం క్యాబేజీ, కొవ్వు ముక్క వేసిన సూపు అడిగి ఒక గిన్నె తాగింది.

పెట్టె మూసే ముందు నేను సిమోన్‌ను అడిగాను. "నా దగ్గరికి రావాలని ఉందా నీకు?" ఆయన పెట్టె మూత మీద చెయ్యేసి, "ఉంది," అన్నాడు. అంతే. ఇన్నాళ్ళూ లేదంటాడేమోనని భయపడ్డాను రెగీనా. ఉందన్నాక ఇంకా కష్టంగా ఉంది.

అవ్వకు తినడం మొదలుపెట్టాక జ్వరం పట్టుకుంది. మార్చి అంతా ఇద్దరం వంతులేసుకుని కూర్చున్నాం. ఆయన్ని వెళ్ళిపొమ్మన్నాను, నేను చూసుకుంటానన్నాను. "తవ్వింది కురచగానే ఉంది, ఇంకా సరిచేయలేదు," అన్నాడు. వాదించి లాభం లేదు. ఆయన కాగితం నిన్నటితో చెల్లిపోయింది. రాత్రి దాన్ని తీసి ఒకసారి చదువుకుని, మడతపెట్టి మళ్ళీ అదే సొరుగులో పెట్టాడు. గురక మాత్రం మామూలే.

నా కాగితాలు చెల్లుతాయి. రేపు కావాలంటే రేపే రైలెక్కవచ్చు. ఎక్కితే ఆయన ఇక్కడ ఒక్కడు. ఎక్కకపోతే బేకరీ పోతుంది, ఎడిత్ నన్ను క్షమించదు. రోజూ పొద్దున్నే ఇవాళ నిర్ణయించుకుందాం అనుకుంటాను, ఇంతలో అవ్వకు పాలు కాచే వేళవుతుంది. ఆయన్ని నువ్వు కొంగున ముడేసుకున్నావన్నాను. ఎవరూ వేయకుండానే పడే ముళ్ళు ఉంటాయని ఇక్కడికొచ్చాక తెలిసింది.

ఇవాళ ఎండ వచ్చింది. అవ్వను అరుగు మీద కూర్చోబెట్టి తల దువ్వుతుంటే, "ఎప్పుడెళ్తావే?" అని అడిగింది. "నువ్వెళ్ళాక," అన్నాను. ఇద్దరం కళ్ళల్లో నీళ్ళొచ్చేదాకా నవ్వాం. ఆవిడ ముందు నవ్వు ఆపింది. నేను లోపలికి వెళ్ళి ఏడ్చాను.

బ్రిటాకు ఇంకా రెండేళ్ళు నిండలేదు. మనుషుల్ని చప్పున మరిచిపోయే వయసు. పడుకోబెట్టేటప్పుడు రోజూ ఒకసారి నా పేరు చెప్పి, నా ఫోటో చూపించు.

హెర్మీనె